గురువారాల టోపీ

పదకొండో భాగం

కిందటి వారం ఓజెల్లా ప్రాథర్‌ని విన్‌ఫీల్డ్ కౌంటీ కోర్టు పక్క భవనంలో, మూడో వరస కుర్చీలో, ఒళ్ళో టోపీ పెట్టెతో కూర్చోబెట్టి వదిలేశాం. ఎన్నికలకింకా ఏడు వారాలుంది. రాయ్ హాచర్ అనే పెద్దమనిషి, ఎనభై నాలుగు మంది ఈ కౌంటీలో ఉండటం లేదనీ వాళ్ళ పేర్లు ఓటర్ల జాబితాలోంచి తీసెయ్యాలనీ ఫిర్యాదు పెట్టాడు. జార్జియాలో ఏ ఓటరైనా ఇంకో ఓటరు మీద అలా పెట్టొచ్చు. ఆ ఎనభై నాలుగు పేర్లలో ల్యూటీ గేథర్ పేరుంది. తొంభై మూడేళ్ళ మనిషి. తల్లి పోయిన ఓజెల్లానీ, ఆమె అన్న ఎల్లిస్‌నీ సాకి పెద్ద చేసిన మేనత్త. మార్చిలో తుంటి ఎముక విరిగి, మేకన్‌లో మనవరాలి ఇంట్లో కోలుకుంటోంది. "నా మాట నేనే చెప్పుకుంటా, నా బదులు ఎవరూ నోరు విప్పక్కర్లేదు" అని అత్త పట్టుబట్టింది. తన ట్రక్కులో తీసుకొస్తానని ఎల్లిస్ ఒప్పుకున్నాడు. తొమ్మిదింటికి విచారణ మొదలైంది. అత్త ఇంకా రాలేదు. హాచర్ తన అట్టపెట్టెలో చెయ్యి పెట్టి, ఊదారంగు కాగితాల కట్ట బయటికి తీశాడు.

ఆ రంగు చూడగానే ఓజెల్లా గుర్తుపట్టింది. గది ఆ చివర ఉన్నా సరే, అవేమిటో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ కాగితం కొనేది తనే, అచ్చు తీసేది తనే, మడత పెట్టేదీ తనే. స్కూలు బస్సు నడపడం మానేసిన పదమూడేళ్ళ నుంచీ ఆమె కేన్ క్రీక్ బాప్టిస్టు చర్చికి గుమాస్తా. పెళ్ళిళ్ళు, చావులు, బాప్తిస్మాలు, కొత్తగా చేరినవాళ్ళు, అలిగి వెళ్ళిపోయినవాళ్ళు, అందరూ ఆమె పుస్తకంలో ఉంటారు. ప్రతి శనివారం మధ్యాహ్నం కూర్చుని ఆదివారం పత్రిక తయారుచేస్తుంది. తెల్లకాగితమైతే పాతదీ కొత్తదీ మిగతా చెత్తలో కలిసిపోతుందని ఊదారంగు ఎంచుకుంది. ఈ కౌంటీలో ఇంకెవరూ ఆ రంగు వాడరు.

పత్రికంటే పెద్దదేం కాదు. ఒకే కాగితం, మధ్యకి మడత. పైన చర్చి బొమ్మ. లోపల ఎడమవైపు పాటల వరస, కుడివైపు మంచాన పడ్డవాళ్ళ జాబితా. వెనక పేజీ ఖాళీ, పాస్టరు చెప్పింది రాసుకోవడానికి. నిజం చెప్పాలంటే అక్కడ వాక్యం రాసుకునేవాళ్ళకన్నా, పిల్లలు అల్లరి చెయ్యకుండా బొమ్మలు గీయించేవాళ్ళే ఎక్కువ.

హాచర్ కళ్ళజోడు సవరించుకున్నాడు. డెబ్బై దాటినా మనిషి నిటారుగా ఉంటాడు. కౌంటీలో సగం పెకాన్ కాయల తోటలు ఆయనవే. ఎల్లిస్ ముప్పై రెండేళ్ళు ఆ తోటల్లో చెట్లు దులిపే యంత్రం నడిపాడు. హాచర్ గొంతు పెంచడు, ఎవర్నీ పల్లెత్తు మాట అనడు. అలాంటివాళ్ళతో వేగడమే కష్టం.

"ఇది నా మాట కాదు మేడమ్," అన్నాడు ఎన్నికల బోర్డు అధ్యక్షురాలితో. "వాళ్ళ చర్చి వాళ్ళు అచ్చేసుకున్న మాట. చదువుతాను వినండి."

చదివాడు. చర్చిలో పెద్దావిడలకి ఇచ్చే బిరుదుతో సహా: మదర్ ల్యూటీ గేథర్, ప్రస్తుతం మనవరాలి దగ్గర, 418 హోలోవే వీధి, మేకన్. మార్చి పత్రికలో ఉంది, ఏప్రిల్లో ఉంది, మేలో, జూన్‌లో, అలా మొన్న ఆదివారం పత్రిక దాకా ఉంది. ఒక్కొక్కటే విప్పి, చదివి, బల్ల మీద పేర్చాడు.

"ఆరు నెలలు మేకన్‌లో ఉన్న మనిషి మేకన్‌దవుతుందా, ఇక్కడిదవుతుందా? ల్యూటీ అంటే నాకు చిన్నప్పట్నించీ అభిమానమే. మా అమ్మకి ఇస్త్రీ చేసిపెట్టేది. కానీ రూలు రూలే కదండీ."

ఆ తర్వాత పత్రికల్లో ఉన్న మిగతా పేర్లూ చదివాడు. డయాలిసిస్ కోసం కూతురి ఊళ్ళో ఉంటున్నాయన. మాజీ సైనికుల ఆసుపత్రిలో ఉన్నాయన. కవలలు పుట్టిన కోడలికి సాయం వెళ్ళి, అక్కడే కాలు జారి పడ్డావిడ. ఎనభై నాలుగు మందిలో వీళ్ళు ముప్పై ఒక్క మంది. అన్నిటికీ సాక్ష్యం ఊదారంగు కాగితమే. పేరు, చిరునామా, వీధి నంబరుతో సహా. ఒక్క అంకె తప్పు పోకుండా ఓజెల్లా టైపు చేసినవే అన్నీ.

ఓజెల్లా వెనక వరసల్లో కేన్ క్రీక్ ఆడవాళ్ళు పన్నెండు మంది కూర్చున్నారు. కోళ్ళ ఫ్యాక్టరీలో పగటి షిఫ్టు ఉన్నవాళ్ళు రాలేకపోయారు, ఈ వేళకి విచారణ పెట్టింది అందుకేనని వాళ్ళ అనుమానం. ఇందాకటిదాకా చేతి విసనకర్రల చప్పుడు వినిపిస్తూ ఉండేది. ఇప్పుడది ఆగిపోయింది. వాళ్ళెవరూ ఓజెల్లా వైపు చూడలేదు. చూసి నిందించినా బాగుండుననిపించింది ఆమెకి. ఊరంతటి పేర్లూ మూటగట్టి ఈయన చేతికిచ్చింది నేనే, అనుకుంది. ఒళ్ళో పెట్టెని రెండు చేతులా పట్టుకుని, మళ్ళీ తలుపు వైపు చూసింది.

తలుపు మూసే ఉంది.

ఆ తలుపు అవతల నడవలో చెక్క బెంచీ ఒకటి ఉంటుంది. అరవై ఏళ్ళ కిందట కూడా అక్కడే ఉండేది. అప్పుడు ఈ గదిలో ఓటర్ల పేర్లు రాసుకునే గుమాస్తా కూర్చునేవాడు. నల్లవాళ్ళకి గురువారం ఒక్కరోజే, అదీ రెండు గంటలు. ల్యూటీ అత్త ముదురు నీలం గడ్డిటోపీ పెట్టుకుని ఆ బెంచీ మీద కూర్చునేది. పేరు పిలిస్తే లోపలికెళ్ళి రాజ్యాంగంలో చూపించిన ముక్క చదివేది, చూసి రాసేది, అడిగినదానికి జవాబు చెప్పేది. అంతా విని ఆయన "వచ్చేవారం కనబడు" అనేవాడు. పదకొండు గురువారాలు. పదకొండు గురువారాల కూలీ పోయింది. హాచర్ వాళ్ళమ్మ ఇస్త్రీ బట్టలు వేరేవాళ్ళకి వేసింది. పన్నెండోసారి అత్త వచ్చేసరికి చట్టం మారింది, ఆయన ఆమె మొహం చూడకుండా పేరు రాసి ఓటరు కార్డిచ్చాడు. అప్పటి నుంచి ప్రతి ఎన్నికకీ అత్త ఆ టోపీతోనే వెళ్ళింది. చర్చికి వేరే టోపీలున్నాయి. ఇది మాత్రం ఓటుకే.

ఇవాళ పొద్దున్న ఓజెల్లా అత్త ఇంటికెళ్ళి, బీరువా మీద నుంచి ఆ టోపీని పెట్టెతో సహా తెచ్చింది. గుమ్మంలోనే అత్త తలమీద పెట్టాలని.

"ఈ పత్రిక వేసే గుమాస్తా గదిలో ఉందా?" అని అధ్యక్షురాలు అడిగింది.

ఓజెల్లా లేచింది. పెట్టెని కుర్చీలో పెట్టి, ముందుకు నడిచి, బైబిలు మీద చెయ్యి వేసి ప్రమాణం చేసింది. బల్ల వెనక ముగ్గురున్నారు. అధ్యక్షురాలు కార్లీన్ విట్సెట్. ఆమెకి ఎడమ పక్కన హార్డ్‌వేర్ కొట్టు పోసీ, ఆయన పొద్దుటి నుంచీ తల ఎత్తలేదు. కుడి పక్కన ఆల్విన్ గ్రియర్, రిటైరైన లెక్కల మేష్టారు, బోర్డులో ఉన్న ఒకే ఒక్క నల్లవాడు.

"ఇది రాసింది నువ్వేనా ఓజెల్లా?" అంది కార్లీన్, నకలు కాగితం ఒకటి ముందుకు తోసి.

కార్లీన్‌కి యాభై ఎనిమిదేళ్ళు, ఓజెల్లాకి డెబ్బై ఒకటి. కార్లీన్ పిల్లలిద్దరూ పన్నెండేళ్ళు ఓజెల్లా బస్సులోనే బడికెళ్ళారు. అయినా హాచర్ ఏమో 'మిస్టర్ హాచర్, మీరు', ఓజెల్లా ఏమో 'ఓజెల్లా, నువ్వు'. ఈ వరస ఇక్కడ అందరికీ అలవాటే. ఎవరికీ ఎబ్బెట్టుగా ఉండదు, అనిపించుకునేవాళ్ళకి తప్ప.

"నేనేనండి."

"ల్యూటీ గేథర్ మేకన్‌లో ఉందని రాశావు."

"రాశాను."

"అది నిజమేనా?"

"చర్చి పత్రికలో అబద్ధాలు రాయనండి."

హాచర్ కుర్చీలో వెనక్కి వాలాడు. అక్కడితో ఆపి కూర్చోమంటే ఓజెల్లా కూర్చునేదే. గ్రియర్ మేష్టారు పెన్సిలు బల్ల మీద పెట్టాడు.

"మిసెస్ ప్రాథర్," అన్నాడు నెమ్మదిగా. "ఈ జాబితా మీరు ఎందుకు వేస్తారో బోర్డుకి చెప్పండి. తెలిసినవాళ్ళకి కూడా తెలియనట్టే చెప్పండి."

ఇది చెప్పాల్సిన విషయమని ఓజెల్లా ఏనాడూ అనుకోలేదు. ఆకలేస్తే అన్నం ఎందుకు పెడతారని అడిగినట్టుంది.

"త్వరగా కోలుకోమని కార్డులు పంపడానికండి," అంది. "మా చర్చిలో ఎవరైనా మంచాన పడితే, ఆ వారం తిరిగేలోపు పోస్టులో వాళ్ళకి కార్డులు అందాలి. ఒకటీ రెండూ కాదు, గోడకి అంటించుకునేన్ని. మా అమ్మల నాటి నుంచీ ఉంది. చిరునామా లేకపోతే ఎక్కడికి పంపుతారు? మనిషి ఏ మంచం మీదుంటే ఆ మంచం చిరునామా వేస్తాను. ఆ రెండో కాగితం చూడండి. బ్రదర్ టిల్మన్ పేరు పక్కన సైనికుల ఆసుపత్రి, నాలుగో అంతస్తు, పన్నెండో గది అనుంది. హాచర్ గారు ఆ పేరు కూడా చదివారు. ఆయన కాపురం ఆసుపత్రి నాలుగో అంతస్తుకి మారిందని నేను రాయలేదండి."

విసనకర్ర ఒకటి మళ్ళీ కదిలింది. పోసీ తల ఎత్తి, వెంటనే దించుకున్నాడు.

హాచర్ మర్యాదగా చెయ్యెత్తి, ఆసుపత్రి సంగతి వేరనీ, ల్యూటీది ఇల్లనీ, ఆరు నెలలనీ మళ్ళీ మొదలుపెట్టాడు. పోస్టు కూడా మేకన్‌కే మార్పించుకుందన్నాడు. ఓజెల్లా ఆయన వైపు తిరగలేదు. కార్లీన్ మొహంలోకే చూసింది. అప్పుడు అన్న మాట ఇంటి దగ్గర అనుకుని వచ్చింది కాదు.

"మిస్ కార్లీన్, మీ అమ్మగారు గుండె ఆపరేషను అయ్యాక అట్లాంటాలో మీ చెల్లెలి దగ్గర ఉన్నారు. ఏడు నెలలు. ఆవిడ మా చర్చి మనిషి కాదు, మా రంగూ కాదు. అయినా పాతికేళ్ళు మా స్కూలు బస్సులు చూసుకున్నావిడ కదా అని ఇదే కాగితంలో, ఇదే చోట, ఆవిడ పేరు వేశాను. అట్లాంటా చిరునామాతో. కార్డులు వెళ్ళాయా లేదా?"

కార్లీన్ కళ్ళు కాగితం మీదికి వాలాయి.

"ఆ ఏడాది ఆవిడ ఓటు గురించి ఎవరూ ఫిర్యాదు పెట్టలేదు. పెట్టరు కూడా. ఇంటికి తిరిగొస్తుందని అందరికీ తెలుసు."

కార్లీన్ ముందున్న నకలు కాగితాన్ని అరచేత్తో రెండుసార్లు సాపు చేసింది, అందులో ముడతలేమీ లేకపోయినా.

"అమ్మ అవన్నీ దాచుకుంది," అంది చాలా చిన్నగా. మళ్ళీ గొంతు సవరించుకుని, "ల్యూటీ గేథర్ తిరిగొస్తుందని మీకెలా తెలుసు, మిసెస్ ప్రాథర్?" అంది.

'మీకు' అన్న ముక్క గదిలో అందరూ విన్నారు. అన్న మనిషి మాత్రం విననట్టే ఉంది.

ఓజెల్లా తన కుర్చీ దగ్గరికెళ్ళి పెట్టె తెచ్చింది. మూత తీసి, టోపీని రెండు చేతులతో ఎత్తి బల్ల మీద పెట్టింది. నీలం రంగు వెలిసి బూడిదరంగులోకి వచ్చింది. అంచు ఒకచోట దారంతో కుట్టి ఉంది.

"అంబులెన్సు వాళ్ళు స్ట్రెచర్ మీద ఎక్కిస్తుంటే కూడా అత్త నాకు చెప్పింది ఇదేనండి. అది బీరువా మీద ఉంది, ముట్టుకోకు, దుమ్ము మాత్రం దులుపు, నవంబరుకి నేనొస్తా. బట్టలు పట్టుకెళ్ళింది, బైబిలు పట్టుకెళ్ళింది, పళ్ళసెట్టు పట్టుకెళ్ళింది. ఇది ఇక్కడే వదిలింది. మా అత్త ఓటు వేసేది ఈ ఊళ్ళో. ఇది పెట్టుకోకుండా వెయ్యదు. మేకన్‌లో ఉండిపోదామనుకున్న మనిషి దీన్ని వదిలి వెళ్ళదు. ఇంతకన్నా నాకు చెప్పడం రాదు."

గ్రియర్ మేష్టారు టోపీని చూస్తూ ఉండిపోయాడు. ఆయన తండ్రి కూడా ఆ బెంచీ మీద కూర్చున్నవాడే. ఆయనకి నాలుగో గురువారంతోనే ఓపిక అయిపోయింది. ఈ సంగతి ఓజెల్లాకి తెలుసు, చర్చి పుస్తకాల్లో లేని సంగతులు కూడా ఆమెకి చాలా తెలుసు.

ముగ్గురూ తలలు దగ్గరికి చేర్చి పావుగంట మాట్లాడుకున్నారు. గ్రియర్ రెండుసార్లు గట్టిగా తల అడ్డంగా ఊపాడు. చివరికి కార్లీన్ కాగితం మీద రాసుకున్నది చదివింది. చర్చి పత్రిక ఒక్కటే చూసి ఎవరి పేరూ తీసెయ్యడం కుదరదని బోర్డు అభిప్రాయపడింది. వెనక వరసల్లో 'ప్రభువా' అని ఎవరో గొణిగారు. కానీ ఆమె చదవడం ఆపలేదు. ఫిర్యాదును కొట్టెయ్యడానికి కూడా బోర్డు సిద్ధంగా లేదు. ఎన్నికలు దగ్గరపడ్డాక జాబితా ముట్టుకోకూడదు గనక, ఇవాళే తేల్చాలి. జాబితాలో ఉన్నవాళ్ళు సాయంత్రం ఐదులోపు స్వయంగా ఈ గదికి వచ్చి, ఇది నా ఊరు, ఇక్కడికే తిరిగొస్తాను అని ప్రమాణం చెయ్యాలి. వచ్చినవాళ్ళ పేరు ఉంటుంది. రానివాళ్ళ పేరు తీసేస్తారు. ఇద్దరు అవునన్నారు, ఒకరు కాదన్నారు.

"నాలుగో అంతస్తులో ఉన్నవాళ్ళు ఎలా వస్తారండి?" అని ఓజెల్లా అడిగింది.

కార్లీన్ చెక్క సుత్తితో బల్ల మీద కొట్టి, ఇక ఐదింటిదాకా విరామమంది. ఆమె కళ్ళలో ఏదో బాధ కనిపించిన మాట నిజమే. బాధపడి ఏం లాభం, సుత్తి కొట్టిన చెయ్యి ఆమెదే.

గోడ గడియారంలో పదకొండైంది. ఆరు గంటలుంది.

కేన్ క్రీక్ ఆడవాళ్ళు ఏడుస్తూ కూర్చునే రకం కాదు. నడవలోకి రాగానే బెంచీ చుట్టూ చేరి పేర్లు పంచుకున్నారు. చర్చి వ్యాను ఎటు వెళ్ళాలి, ఎవరి కారు ఏ ఊరు వెళ్ళాలి, చక్రాల కుర్చీ ఎవరింట్లో ఉంది, ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు కాళ్ళు ఎవరు పట్టుకోవాలి, అన్నీ పది నిమిషాల్లో అయిపోయాయి. రాలేనివాళ్ళెవరో కూడా తేలిపోయింది. బ్రదర్ టిల్మన్ పేరు దగ్గర అందరూ ఒక్క క్షణం ఆగి, తర్వాత పేరుకి వెళ్ళారు. ఓజెల్లా వాటాకి ఏ ఊరూ రాలేదు. ఆమె తరఫున రావాల్సిన అత్త ఎప్పుడో బయల్దేరింది కదా.

ఓజెల్లా అన్నకి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. రెండోసారీ అంతే. మేకన్‌లో అత్త మనవరాలు శరీస్‌కి చేసింది.

"అదేంటి ఆంటీ, ఇంకా రాలేదా?" అంది శరీస్. "అంకుల్ ఎల్లిస్ ఏడున్నరకే వచ్చాడుగా. నేనే చెయ్యి పట్టి ఎక్కించాను. బామ్మ దారంతా తింటానని పిప్పరమెంట్లు కూడా అడిగి తీసుకుంది."

మేకన్ నుంచి గంటన్నర. ఎంత నెమ్మదిగా నడిపినా రెండు గంటలు. ట్రక్కు ఆగిపోయి ఉంటుందని ఓజెల్లా శరీస్‌కి చెప్పింది, తనకీ చెప్పుకుంది. ఎల్లిస్ తొందరపడే మనిషి కాదు. యంత్రాలు తెలిసినవాడు, టైరు పంక్చరైనా వేసుకోగలడు. ఫోను సీటు కింద పడేసి ఉంటాడు. భార్య పోయాక మూడేళ్ళుగా చర్చికి రావడం మానేశాడు, ఎవరితోనూ కలవడు, అయినా అత్త మాటంటే మాత్రం పడి ఛస్తాడు. ఓజెల్లా మూడోసారి ఫోన్ చేసింది. మోగనివ్వనైనా మోగనివ్వలేదు, ఎవరో కట్ చేశారు.

గ్రియర్ మేష్టారు మంచినీళ్ళు తాగడానికి బయటికొచ్చి, ఆమె మొహం చూసి ఆగాడు. ఏమైనా కావాలా అని అడిగాడు. అన్న ఫోను మాట ఆయనతో అనాలనిపించలేదు. నోటికి వేరే మాట వచ్చింది. హాచర్ చదవకుండా వదిలేసిన పేర్లేమైనా ఆ కాగితాల్లో ఉన్నాయేమో, ఉంటే వాళ్ళక్కూడా కబురు పంపాలంది.

"అసలు కాగితాలు బల్ల మీదే ఉన్నాయి. విచారణలో పెట్టినవి ఎవరైనా చూడొచ్చు," అన్నాడాయన. "హాచర్ భోజనానికి వెళ్ళాడు. వెళ్ళి చూడండి."

గది ఖాళీగా ఉంది. టోపీ, దాని పెట్టె ఆమె పెట్టిన చోటే ఉన్నాయి. పక్కన ఊదారంగు కట్ట, క్లిప్పు పెట్టి. ఓజెల్లా కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని, మార్చి పత్రిక విప్పింది. పేర్లన్నీ మళ్ళీ చదివి, ఎవరినీ వదల్లేదని చూసుకుని, మడిచి, బోర్లించింది.

వెనక పేజీ ఖాళీగా లేదు. మూలన పెన్సిలుతో నాలుగు మాటలున్నాయి.

'చికెన్ ఓవెన్‌లో పెట్టుకో. ఆకుకూరలో ఉప్పు తగ్గించాను, నీ బీపీకి. జెల్లా.'

ఆ చేతిరాత తనది.

కాసేపు ఆమెకి ఏమీ అర్థం కాలేదు. అర్థమవుతున్నా కానివ్వలేదు. ఏప్రిల్ కాగితం తిప్పింది. 'పీచ్ కేకు రెండు ముక్కలు పెట్టాను. ఒక్కటే తిను.' మే నెలది. 'ఇవాళ పాటలు బావున్నాయి. నువ్వు లేని లోటు తెలిసింది.' జూన్‌ది. 'ఆ చొక్కా మార్చు అన్నయ్యా.'

ప్రతి ఆదివారం చర్చి అయ్యాక ఆమె ఒక్క గుమ్మానికే అన్నం పళ్ళెం పట్టుకెళ్తుంది. పళ్ళెం మీద మూతలా పత్రిక కప్పి, దాని వెనక ఒక మాట రాసి పెడుతుంది. చర్చికి రాని మనిషికి చర్చి సంగతులు తెలియాలని. నూట ఇరవై కాపీల్లో ఆమె పెన్సిలు తగిలేది ఒక్క కాపీకే. చర్చి గుమ్మంలో ఎవరికి పడితే వాళ్ళకి దొరికే కాగితాలు కావివి. ఎల్లిస్ వంటింటి బల్ల మీద నుంచి వచ్చినవి. ఒకటి పొరపాటున పోయిందనుకోవచ్చు. ఇక్కడ ఇరవై ఆరున్నాయి, తేదీల వారీగా సర్ది.

ఏడుపు రాలేదు ఆమెకి. చిన్నప్పుడు ఒకే దుప్పటి కప్పుకుని, అత్త కోర్టు నుంచి తిరిగొచ్చేదాకా ఇద్దరూ కిటికీ దగ్గర కూర్చున్న గురువారాలు గుర్తొచ్చాయి. అత్త రోడ్డు మలుపు తిరగ్గానే ముందు చూసి అరిచేవాడు ఎల్లిసే. ఆ ఎల్లిస్ ఈ పని ఎందుకు చేశాడో, ఎంత ఆలోచించినా ఆమెకి అందలేదు.

కట్టలో అడుగున ఇంకొకటి మిగిలింది. మొన్న ఆదివారానిది. దాని మీద ఏం రాసిందో తిప్పకముందే గుర్తొచ్చింది. అయినా తిప్పింది.

'మంగళవారం ఏడున్నరకి అత్తని ఎక్కించుకో. ఊరి రోడ్డు వద్దు, తోటల వెనక దారిలో రా, గుంటలు తక్కువ. తొమ్మిదికల్లా కోర్టులో ఉండాలి. ఈ దారి సంగతి మన ముగ్గురికే తెలుసు, ఎవరితోనూ అనకు. జెల్లా.'

తోటల వెనక దారి అంటే హాచర్ తోటల వెనక దారి.

ఓజెల్లా తలెత్తి చూసింది. హాచర్ కుర్చీ ఖాళీగా ఉంది. భోజనానికని వెళ్ళిన మనిషి డబ్బా మాత్రం, మూత కూడా తియ్యకుండా, కుర్చీ పక్కన నేల మీదే ఉంది.